కల్లం మీద నా బొమ్మ

ఆ ఫిబ్రవరిలో నేను తిరువూరు చేరేసరికి మా కల్లం మీద నేను అప్పటికే నిలబడి ఉన్నాను.

తెల్లవారుజామున బస్సు దిగాను. ఇంట్లో సంచి పడేసి, నిద్ర పట్టక, రాకెట్, నాలుగు బంతులు పట్టుకుని ఊరి చివర ఎ.కొండూరు రోడ్డు పక్కనున్న మా మిరప కల్లానికి నడిచాను. మంచు దట్టంగా ఉంది. రోడ్డు మీద లారీ వెళ్తుంటే చప్పుడే గాని లారీ కనిపించలేదు. గచ్చు మీద నిలబడి బంతిని రెండుసార్లు నేలకేసి కొట్టి తలెత్తాను. అప్పుడే మంచు కాస్త పలచబడింది. అవతలి బేస్‌లైను వెనక ఒకడు నా సర్వీసు అందుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు. నా నీలం టోపీ. భుజం దగ్గర ఇస్త్రీ పెట్టె కాల్చిన మరకతో సహా నా పాత చొక్కా. చేతిలో నా రాకెట్. మెడ మీద నా మొహం. నవ్వుతోంది.

నేను అరవలేదు. అరవడానికి ఊపిరి కావాలి, అదంతా అప్పటికే పరుగుకి ఖర్చయిపోయింది. గొడౌను దాకా ఒక్క అంగలో వెళ్ళినట్టు గుర్తు. ఆ ఏడాది నా కాళ్ళు అంత బాగా కదిలింది అప్పుడే.

గొడౌను అరుగు మీద నాన్న వేపపుల్లతో పళ్ళు తోముకుంటున్నాడు.

"ఏంట్రా, అప్పుడే అయిపోయిందా ప్రాక్టీసు?"

"అక్కడ... అది..."

"దిష్టిబొమ్మ. బాగుందా? మీ నాయనమ్మ చేయించింది."

మిరపకాయలు కల్లం మీద ఆరబోసినన్నాళ్ళూ రోడ్డున పోయేవాళ్ళ కళ్ళు పడకుండా బొమ్మ పెట్టడం మా వైపు ఉన్నదే. చూసేవాడి చూపు ముందు బొమ్మ మీద పడాలి, పంట మీద కాదు. మామూలుగా పాత చొక్కా, గడ్డి, కుండ సరిపోతాయి. మా నాయనమ్మ మాత్రం ఆ ఏడాది కుండకి నా మొహం తొడిగించింది. ఆ మొహం ఎక్కడిదో చెప్పాలంటే నా పాయింటు సంగతి చెప్పాలి.

ప్రపంచంలో టెన్నిస్ ఆడి బతుకుదామనుకునేవాళ్ళందరినీ వరుసగా పేర్చే జాబితా ఒకటుంది. ప్రతి సోమవారం కొత్తది వస్తుంది. అందులో పేరు ఎక్కాలంటే కనీసం ఒక్క పాయింటు ఉండాలి. ఆ పాయింటు రావాలంటే అన్నిటికన్నా చిన్న స్థాయి టోర్నమెంటులో క్వాలిఫైయింగ్ మ్యాచ్‌లు దాటుకుని, అసలు డ్రాలో ఒక్క మ్యాచ్ గెలవాలి. కిందటేడు నేను గెలిచాను. అవతలివాడికి విరేచనాలు పట్టుకున్నాయి. రెండో సెట్టులో అతను బంతి కోసం కాకుండా వేరే వైపు పరుగెత్తడం నేను కళ్ళారా చూశాను. అయినా జాబితాలో విరేచనాలకి గడి ఉండదు. పద్దెనిమిది వందలు దాటాక ఎక్కడో ఒకచోట నా పేరు అచ్చయింది.

తిరువూరు సెంటర్లో నాన్న స్నేహితులు నా ఫ్లెక్సీ కట్టారు. ప్రపంచ ర్యాంకు సాధించిన మా ఊరి ముద్దుబిడ్డ అని రాయించారు. ఎన్నో ర్యాంకో రాయించలేదు, చోటు చాల్లేదట. నెల తర్వాత ఫ్లెక్సీ దించి, గట్టి గుడ్డ కదా అని మా మిరపకాయల మీద కప్పారు. ఇంకొన్నాళ్ళకి దాంట్లోంచి నా మొహం కత్తిరించి కుండకి చుట్టి బైండింగు తీగతో బిగించారు. ఎండకి ఫ్లెక్సీలో ఎరుపు ముందు పోతుంది, నీలం చివరిదాకా ఉంటుంది. అందుకని నేను నీలంగా, నీళ్ళలోంచి తీసినవాడిలా నవ్వుతున్నాను.

ఇంతకీ ఆ పాయింటుకి ఆయుష్షు ఏడాది. ఏడాది తిరిగేలోగా దాని జాగాలో ఇంకోటి తేకపోతే పేరు జాబితాలోంచి పోతుంది. కిందికి జారడం కాదు, పోవడం. ఓటర్ల లిస్టులో చనిపోయినవాళ్ళని తీసేసినట్టు తీసేస్తారు. ఆ ఏడాదంతా నేను వెళ్ళిన ప్రతి టోర్నమెంటులోనూ ఓడిపోయాను. ఇంక ఒక్కటే మిగిలింది, మూడు వారాల్లో. పేరు పోతే పోనీండి, మళ్ళీ తెచ్చుకుందాం అని అందరితో అనేవాణ్ణి. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. మొదటి పాయింటుకి పదకొండేళ్ళు పట్టింది. రెండోది అదే వేగంతో వస్తే నా సర్వీసుకి మోకాళ్ళు ఒప్పుకోవు.

ఆ మూడు వారాలూ కల్లం మీదే ప్రాక్టీసు చేశాను. నాన్న ఆ గచ్చు కాయల కోసం వేయించాడు. నా చిన్నప్పుడు బడి డ్రిల్లు మాస్టారు దాని మీద సున్నంతో గీతలు గీయించారు. నా మొదటి కోర్టు అదే. రాత్రి కాయలు మంచుకి తడవకుండా అంచులకి కుప్పలు పోసి పరదాలు కప్పుతారు కాబట్టి పొద్దున ఎనిమిది దాకా గచ్చు నాది. తర్వాత ఆడవాళ్ళ ముఠా వచ్చి కాయలు పరిచేస్తుంది. నాతో ఆడేవాళ్ళు చుట్టుపక్కల లేరు. బంతుల బుట్ట పెట్టుకుని ఒక్కణ్ణే సర్వీసులు చేసేవాణ్ణి. అవతల బొమ్మ ఉంది కదా అని అలవాటయింది.

అలవాటవడమే బాగాలేదు.

కొట్టిన బంతులన్నీ దొర్లుకుంటూ వెళ్ళి దాని కాళ్ళ దగ్గర చేరేవి. మూలలకి కొట్టినవీ అంతే. బుట్ట ఖాళీ అయ్యాక మంచులో అటు నడిస్తే అరవై బంతులూ దాని ముందు పోగై ఉండేవి, ఎవరో ఏరి పెట్టినట్టు. వాన నీళ్ళు పోవడానికి గచ్చుకి అటువైపు వాలు ఇచ్చారని నాన్న చెప్పాడు. పన్నెండేళ్ళుగా ఆ గచ్చు మీద ఆడుతున్నాను, నాకు వాలు ఎప్పుడూ తగల్లేదు.

ఇంకోటి. సాయంత్రం వెళ్ళేటప్పుడు బొమ్మ రోడ్డు వైపు చూస్తుండేది. పొద్దున వచ్చేసరికి నావైపు తిరిగి ఉండేది. ముఠా పెద్దని అడిగాను. పెనుగొలను నుంచి ఆటోలో పది మందిని వేసుకొచ్చే ఆవిడ, మాట కటువు.

"ఎవరు తిప్పుతున్నారు దీన్ని?"

"మేమెందుకు తిప్పుతాం బాబూ? మాకు కాయలు తిప్పడానికే టైం చాలట్లా."

పందిరి గుంజ కోసం గచ్చులో వదిలిన ఇనుప పైపులో బొమ్మ కర్ర నిలబెట్టారు. పైపు వదులు. గాలికి తిరుగుతుంది. అంతే. గాలి ప్రతి రాత్రీ సరిగ్గా బేస్‌లైను మధ్యకి ఎందుకు తిప్పుతోందో గాలినే అడగాలి.

ఒక మధ్యాహ్నం కల్లం పక్కనున్న షెడ్డు వెనక రాకెట్ పిడికి టేపు చుట్టుకుంటున్నాను. ఎండ నిలువునా పడుతోంది, కల్లమంతా ఎర్రగా, చప్పుడు లేకుండా ఉంది. ముఠా అంతా షెడ్డు ముందు కేరేజీలు విప్పుతున్నారు. పెద్దావిడ గట్టిగా పిలిచింది.

"అబ్బాయిగారూ! ఎంతసేపు నిలబడతారు ఎండలో? వచ్చి రెండు మెతుకులు తినండి!"

"ఇప్పుడే తిన్నానండి," అన్నాను.

అక్కడ నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. ఆవిడ షెడ్డు పక్కనుంచి తొంగి చూసింది.

"నువ్విక్కడున్నావా బాబూ? నిన్ను కాదు. ఆయన్ని."

నన్ను నువ్వు అని, దాన్ని ఆయన అని. అప్పటికి వారం నుంచీ వాళ్ళు బొమ్మని రోజూ అన్నానికి పిలుస్తున్నారట. సరదాకే. కానీ పిలిచాక ఒక క్షణం ఆగి, జవాబు రాలేదని చూసుకుని మరీ ముద్ద కలుపుతారట. ఆ రోజు జవాబు వచ్చింది. తర్వాత ఎవరూ పిలవలేదు.

నాయనమ్మకి మాత్రం బొమ్మ అంటే ప్రాణం. సాయంత్రం నాన్న బండి మీద వచ్చి దాని చొక్కా సర్ది, టోపీ దులిపి, నా మొహం మీద దుమ్ము కొంగుతో తుడిచేది. నా అసలు మొహం తుడిచి చాలా ఏళ్ళయింది.

"ఆ ఫ్లెక్సీ కట్టారు చూడూ, అప్పుడు తగిలిందిరా నీకు," అనేది. "సెంటర్లో అంత మొహం వేసి నిలబెడితే బస్సులో పోయేవాడూ చూసె, టీ తాగేవాడూ చూసె. అప్పట్నుంచీ ఒక్కటైనా గెలిచావా?"

"ఫ్లెక్సీ కట్టకముందు మాత్రం ఎన్ని గెలిచాను నాయనమ్మా?"

"ఒకటి గెలిచావుగా!"

లెక్కకి ఆవిడ మాటే నిజం.

"అందుకే ఆ మొహమే అక్కడ పెట్టించా. పడిన కన్ను పడిన చోటే తీసేసుకోవాలి. ఈసారి గెలుస్తావు చూడు. కానీ దాని చేతిలో ఆ విరిగిన బ్యాటు ఏంట్రా? విరిగినదాని మీద ఎవడి కన్ను పడుద్ది?"

బొమ్మ చేతిలో ఉన్నది పగుళ్ళు వచ్చిన నా పాత రాకెట్. నా దగ్గర పనికొచ్చేవి రెండే. "బ్యాటు కాదు, రాకెట్" అని మాత్రం సరిచేసి ఊరుకున్నాను. ఆ రోజు సరిచేయాల్సింది అది కాదు.

బయల్దేరే ముందు రోజు సాయంత్రం నా సంచి నాయనమ్మ తనే సర్దింది. బట్టలు, జంతికలు, వేణుగోపాలస్వామి కుంకుమ, జిప్పు కవర్లలో రెండు రాకెట్లు. తెల్లారి విజయవాడ బస్సు ఎక్కాను. బస్సు మా కల్లం పక్కనుంచే వెళ్తుంది. మంచులో బొమ్మ లీలగా కనిపించింది, రోడ్డు వైపు తిరిగి ఉంది. దాని చేతిలో రాకెట్ బస్సు లైటుకి తళుక్కుమంది. ఆ పాత రాకెట్‌కి రంగు లేచిపోయి చాలా కాలమైంది, మెరవకూడదు. మంచు తడి అయ్యుంటుందిలే అనుకుని కిటికీ మూసేశాను.

టోర్నమెంటు ఒక పెద్ద ఊళ్ళో, ఊరికి దూరంగా ఉన్న స్టేడియంలో జరిగింది. మా స్థాయి టోర్నమెంట్లు ఎలా ఉంటాయో చూడనివాళ్ళకి చెప్పడం కష్టం, చూసినవాళ్ళు లేరు. మూడు వేల కుర్చీలు, మూడు వేలూ ఖాళీ. ఎనిమిది కోర్టుల్లో పదహారు మంది ఆడుతుంటారు, ఎవరూ చప్పట్లు కొట్టరు. క్వాలిఫైయింగ్‌లో కోర్టు మీద అంపైరు కూడా ఉండడు. బంతి గీత లోపల పడిందో బయట పడిందో మనకి మనమే చెప్పుకోవాలి, స్కోరు మనమే అరవాలి. మంచి షాట్ కొడితే ఆ చప్పుడు ఖాళీ కుర్చీల్లోకి వెళ్ళి, ఇంకెవరో కొట్టినట్టు వెనక్కి వస్తుంది. మొదట్లో నేను రెండుసార్లు తిరిగి చూసేవాణ్ణి. ఇప్పుడు ఒక్కసారే చూస్తాను.

క్వాలిఫైయింగ్‌లో రెండు మ్యాచ్‌లూ గెలిచాను. ఎలా గెలిచానో నాకూ తెలీదు. ఇంటికి ఫోన్ చేస్తే నాయనమ్మ, "నాకు తెలుసుగా!" అని ఫోన్ నాన్నకిచ్చేసింది.

బుధవారం ఉదయం అసలు డ్రాలో మొదటి మ్యాచ్. ఇది గెలిస్తే పాయింటు, పేరు, ఇంకో ఏడాది. అవతల నాలాంటివాడే, నా ఎత్తే. ఎండ అతని వెనకనుంచి కొడుతోంది. టోపీ నీడలో మొహం కనిపించడం లేదు. సర్వీసు అందుకునే ముందు అందరూ కాళ్ళు ఆడిస్తారు, అతను ఆడించడు. చేతులు కాస్త చాపి కదలకుండా నిలబడతాడు. మూడు వారాలు నేను దేని మీదకి సర్వీసు చేశానో అతనూ అలాగే నిలబడ్డాడు. నాకైతే సొంతూళ్ళో ఆడుతున్నట్టే ఉంది. మొదటి సెట్టు నాది, రెండోది అతనిది. మూడో సెట్టులో నాలుగు మూడు, ఆధిక్యం నాది. ఇంకో రెండు గేములు చాలు.

అప్పుడు ఠప్పున నా రాకెట్ స్ట్రింగు తెగింది.

కుర్చీ దగ్గరికి వెళ్ళి రెండో కవరు జిప్పు తీశాను. ముందు ఘాటు వచ్చింది. మిరపకాయ ఘాటు. తర్వాత రంగు లేచిపోయిన చట్రం, మెడ దగ్గర పగులు, పిడికి ఇంకా చుట్టుకుని ఉన్న బైండింగు తీగ ముక్క. బొమ్మ చేతిలోది.

ఇంట్లోంచి బయల్దేరి ఐదు రోజులైంది, రెండు మ్యాచ్‌లు ఆడాను, ఆ కవరు ఒక్కసారైనా విప్పి చూడలేదా అని మీరడగొచ్చు. చూడలేదు. మొదటి రాకెట్ తెగేదాకా రెండోదాని జిప్పు తీస్తే అచ్చిరాదని నాకో నమ్మకం. పదమూడో ఏట నుంచీ ఉంది. నాయనమ్మని చూసి నవ్వేవాణ్ణి నేనే.

"టైం," అన్నాడు అంపైరు.

దాంతోనే ఆడాను. బంతి తగిలినప్పుడల్లా స్ట్రింగుల్లోంచి ఎర్రటి దుమ్ము లేచేది. మొదటి గేములోనే అలవాటుగా చెమట తుడుచుకోవడానికి చెయ్యి కంటికి వెళ్ళింది. ఆ తర్వాత నాకు రెండు నెట్లు, ఇద్దరు అంపైర్లు కనిపించారు. ఏడుస్తూ ఓడిపోయినవాళ్ళని చాలామందిని చూశాను గాని, ఓడిపోకముందే మూడు గేములు వరసగా ఏడ్చినవాణ్ణి నేనే అయ్యుంటాను. ఆరు నాలుగు. నెట్ దగ్గర చేతులు కలిపినప్పుడు అతని మొహం మొదటిసారి దగ్గరగా కనిపించాల్సింది. నీళ్ళు నిండిన కళ్ళకి అక్కడ తెల్లగా అలికినట్టు కనిపించింది, అంతే.

అతను భుజం తట్టి, "పర్వాలేదు, ఇంకో టోర్నమెంటు ఉంటుంది," అని తుమ్మాడు.

గదికి వచ్చి కళ్ళు కడుక్కుని ఇంటికి ఫోన్ చేశాను. నాన్న ఎత్తాడు.

"ఓడిపోయాను నాన్నా."

"సరే. అన్నం తిన్నావా?" ఆ వెంటనే గొంతు తగ్గించి, "ఇక్కడ నీ బొమ్మ కూడా పడిపోయిందిరా. కర్ర పైపు దగ్గర ఫెటిల్లున విరిగింది."

"ఎప్పుడు?"

"పదకొండు దాటాక. ముఠా టీకి కూర్చుంది అప్పుడే. సుడిగాలిలే."

నా స్ట్రింగు తెగినప్పుడు కోర్టు గడియారం పదకొండుంబావు చూపిస్తోంది. ఎండాకాలం మొదట్లో పదకొండింటికి సుడిగాలి లేవడం మామూలే. స్ట్రింగులు తెగడమూ మామూలే. ప్రపంచంలో ఆ నిమిషానికి ఎన్ని స్ట్రింగులు తెగి ఉంటాయి, ఎన్ని కర్రలు విరిగి ఉంటాయి. ఇలా నాకు నేను నచ్చజెప్పుకుంటుండగా నాయనమ్మ ఫోన్ లాక్కుంది.

"నీ మంచి బ్యాటు దానికిచ్చా గదరా, ఎందుకు ఓడిపోయావు?"

అందుకే ఓడిపోయానన్న మాట నోటి దాకా వచ్చింది. ఆవిడ ఊపిరి వినిపిస్తోంది, జవాబు కోసం నిజంగా ఎదురుచూస్తోంది.

"అవతలివాడు బాగా ఆడాడు నాయనమ్మా," అన్నాను.

"వాడికి ఎవరు దిష్టి తీశారో," అంది దిగులుగా.

ఆదివారానికి తిరువూరు చేరాను. సోమవారం మధ్యాహ్నం కల్లం మీద నిలబడి ఫోన్లో కొత్త జాబితా తెరిచాను. పద్దెనిమిది వందల దగ్గర చూశాను, పంతొమ్మిది వందల దగ్గర చూశాను. కిందకంటా వెళ్ళాను. వెతుకుడు గడిలో నా పేరు కొట్టాను. ఫలితాలు లేవు అని వచ్చింది. స్పెల్లింగు తప్పు కొట్టానేమోనని మళ్ళీ కొట్టాను. నా పేరు నాకు వచ్చు.

విరిగిన బొమ్మని మిరప బస్తాలకి ఆనించి కూర్చోబెట్టారు. వెళ్ళి దాని ఎదురుగా గొంతుక్కూర్చున్నాను. నీలం కూడా పోయింది. టోపీ కింద తెల్లటి ఫ్లెక్సీ గుడ్డ మాత్రమే ఉంది, పళ్ళున్నచోట చిన్న గీతలు మిగిలాయి. ఒళ్ళో నా మంచి రాకెట్. తీసుకోబోతే రాలేదు. ఇంకొంచెం గట్టిగా లాగాను. అవతలినుంచి కూడా ఎవరో లాగుతున్నట్టు గడ్డి చెయ్యి నావైపు సాగింది. తీగ బిగించి కట్టారు, విప్పితే వచ్చింది. చూస్తే మధ్యలోంచి రెండో స్ట్రింగు తెగి ఉంది. నాది తెగిన చోటే.

పగలు ఎండ, రాత్రి మంచు. ఏ స్ట్రింగయినా తెగుతుంది. ఎప్పుడు తెగింది అని ముఠా పెద్దావిణ్ణి అడగబోయి మానేశాను.

నాన్న కర్ర ముక్కని పైపులోంచి పీకేసి కొత్త వెదురు కోసం గొడౌనుకి బయల్దేరాడు. నాయనమ్మ షెడ్డులోంచి కేకేసింది.

"కాయ పరిచి ఉండగా ఆ చోటు ఖాళీగా ఉండకూడదు! ఒరేయ్, మీ నాన్నొచ్చేదాకా నువ్వు నిలబడు."

"నేనా?"

"నీ చోటేగా."

ఓడిపోయి వచ్చినవాడికి కాదనే హక్కు ఉండదు. ఎండగా ఉందని బొమ్మ తల మీది టోపీ తీసి పెట్టుకున్నాను. చేతిలో రాకెట్ ఎలాగూ ఉంది. పైపు పక్కన రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను. ముఠా ఆడవాళ్ళు నావైపు చూడకుండా కాయలు తిరగేస్తున్నారు. గాలి లేదు.

ఎ.కొండూరు వైపునుంచి ఒక జంట స్కూటరు మీద వస్తూ మా కల్లం దగ్గర వేగం తగ్గించారు. వెనక కూర్చున్నావిడ చెయ్యి చాపి చూపించింది.

"అటు చూడండి, ఆ బొమ్మ! అచ్చం మనిషిలా ఉంది కదా?"

ఆయన చూశాడు. "ఆ ఫ్లెక్సీలో అబ్బాయిది. సెంటర్లో కట్టారు చూడు, టెన్నిసు ఆడేవాడు."

"ఇంకా ఆడుతున్నాడా?"

"ఏమో మరి."

ఇద్దరూ నావైపే చూస్తున్నారు. జవాబు చెప్పాలనే ఉంది. గురువారంలోగా ఇంకో టోర్నమెంటుకి పేరు ఇవ్వాలి, ఇద్దామనే అనుకుంటున్నాను. కానీ నేను నోరు తెరిస్తే వాళ్ళు స్కూటరుతో సహా రోడ్డు పక్క కాలవలో పడతారు. ఊపిరి బిగబట్టి, రాకెట్ చాపి, మొహం మీద బొమ్మలాంటి నవ్వు పెట్టుకుని నిలబడ్డాను. స్కూటరు మలుపు తిరిగి కనిపించకుండా పోయాక నవ్వు తీసేద్దామని చూశాను. అది ఊడి రావడానికి కాస్త టైం పట్టింది.